యంత్రం అడిగే ‘ఖాయమా?’ – దస్త్రాల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా



ప్రత్యేక సంచికకు మన ఉద్యోగ జీవితానికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాసి ఇవ్వమని సంఘం వారు కోరారు. సమ్మెల గురించి, పే రివిజన్ల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1974లో చేరి 2008లో రిటైరయ్యేదాకా గుమాస్తాగిరీయే చేసినవాణ్ణి. ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూడటం, సరిచూసినట్టు సంతకం పెట్టడం, ఇదే నాకు తెలిసిన విద్య. కనుక ఆ సరిచూడటం చరిత్రే రాస్తున్నాను.

ఇప్పుడు ఫోను, కంప్యూటరు, ఏటీఎం అన్నీ మనల్ని ‘ఆర్ యూ ష్యూర్?’ అని అడుగుతున్నాయి. ఖాయమేనా, ముందుకు పోనా అని. మనం ‘ఎస్’ నొక్కుతున్నాం. మా ఇంట్లో మనవరాలయితే ఆ మాటలు తెర మీద పూర్తిగా కనిపించకముందే నొక్కేస్తుంది. ఇంతమంది చదవకుండా జవాబు చెప్పే ప్రశ్న వల్ల ఉపయోగమేమిటి? ఏది రాసేటప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి, ఎలా అడగాలి? ఇది కంప్యూటరుతో పుట్టిన సమస్య కాదు. మన పాత ఆఫీసుల్లో దీనికి కొన్ని మంచి జవాబులుండేవి. వాటిలో కొన్ని యంత్రంలోకి వెళ్ళాయి, కొన్ని దారిలో జారిపోయాయి.

ట్రెజరీ బిల్లును గుర్తుచేసుకోండి. మొత్తం అంకెల్లో రాయాలి, అక్షరాల్లో రాయాలి. అంతటితో సరిపోదు. బిల్లుకు అడ్డంగా ఎర్రసిరాతో ‘ఫలానా మొత్తం లోపు’ అని మరోసారి రాయాలి. 1,834 రూపాయల బిల్లయితే 1,835 రూపాయల లోపు అని. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించేది. కానీ చూడండి, ఒకే మొత్తాన్ని మూడు రకాలుగా రాయించడంలో ఎవరూ ఎవరినీ ‘ఖాయమా?’ అని అడగలేదు. రాసే చేతినే మూడుసార్లు ఆలోచింపజేశారు. మూడూ కలవకపోతే కౌంటరులోనే బిల్లు వెనక్కి వచ్చేది. దిద్దుబాటుకూ పద్ధతి ఉండేది. గీకి చెరపకూడదు, పాత అంకె కనిపించేలా ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, తేదీతో పొట్టి సంతకం పెట్టాలి. తప్పు ఏమిటో, ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో ఇరవై ఏళ్ళ తరువాత కూడా తెలిసేది.

అన్నిటికీ ఒకే కట్టుదిట్టం ఉండేది కాదు, గమనించవలసింది అదే. ఇన్‌వార్డు రిజిస్టరులో ఉత్తరం తేదీ తప్పు పడితే గుమాస్తా తానే గీత కొట్టి దిద్దుకునేవాడు. సర్వీసు రిజిస్టరులో ఏ నమోదుకైనా ఆఫీసు అధిపతి ధ్రువీకరణ కావాలి. పుట్టిన తేదీ సంగతి మరీ గట్టిది. 1984లో దానికి ప్రత్యేకంగా నిబంధనలే వచ్చాయి, ఒకసారి నమోదయ్యాక మార్పించుకోవడం దాదాపు అసాధ్యమైంది. వెనక్కి తీసుకోలేని నమోదుకు పెద్ద తాళం, తీసుకోగలిగినదానికి చిన్న గొళ్ళెం. ఇక జీపీఎఫ్ వార్షిక చీటీ ఉండేది. లెక్క రాసినవాళ్ళు కాదు, చందాదారుడే తన చీటీ చూసుకుని తేడా ఉంటే తెలపాలి. డబ్బు ఎవరిదో వారినే అడిగే పద్ధతి అది.

భూమి రికార్డుల్లోనూ ఇదే వరుస. పట్వారీ పహణీ రాస్తే గిర్దావరు పొలం మీదికి పోయి అజ్మాయిషీ చేసేవాడు, అందులో కొన్నింటిని తహశీల్దారు చూసేవాడు, ఏడాదికొకసారి జమాబందీ. ఆ కాలమంతా సత్యకాలమని నేను అనను. పట్వారీ ఇంట్లో కూర్చుని పహణీ నింపిన ఊళ్ళు మన ప్రాంతంలో ఎన్నో చెప్పగలవాళ్ళు ఇంకా ఉన్నారు. 1984 జనవరిలో ఆ గ్రామాధికారుల పదవులు రద్దు కావడానికి కారణాలు లేకపోలేదు. నేను చెప్పేది పద్ధతి గురించి. రాసినవాడు ఒకడు, చూసేవాడు మరొకడు, చూడటం కాగితం మీద కాదు, పొలంలో.

ఈ ‘రెండోవాడు’ యంత్రాల్లోకి ఎలా ప్రవేశించాడో చాలామందికి తెలియదు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ అనే ఇంజనీరు చిల్లుల కార్డుల యంత్రాన్ని వాడాడు. తరువాత డెబ్బై ఎనభై ఏళ్ళు ప్రపంచమంతా, మన దేశంతో సహా, పెద్ద లెక్కలన్నీ ఆ కార్డుల మీదే నడిచాయి. కార్డుకు చిల్లు తప్పు పడితే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకని వెరిఫయర్ అనే రెండో యంత్రం ఉండేది. ఐబీఎం వారి 056 అనే రకం 1949లో వచ్చింది. మొదటి ఆపరేటరు చిల్లులు వేసిన కార్డును అందులో పెట్టి, మరో ఆపరేటరు అసలు కాగితం చూసి అదే సమాచారాన్ని మళ్ళీ మొదటి నుంచీ కొట్టాలి. కలవకపోతే ఎర్రదీపం వెలిగి యంత్రం ఆగుతుంది. మళ్ళీ కొట్టినా కలవకపోతే ఆ వరుస పైన చిన్న గాటు పెడుతుంది. అంతా కలిస్తే కార్డు అంచున మరోరకం గాటు. ‘సరిగానే కొట్టావా?’ అని మొదటి ఆపరేటరును అడిగితే ‘కొట్టాను’ అనే చెబుతుంది, అందులో అబద్ధమూ లేదు. అందుకే అడగడం మానేసి రెండోసారి చేయించారు. ఖర్చు రెట్టింపు. అయినా ముఖ్యమైన లెక్కలకు ఆ ఖర్చు పెట్టుకున్నారు.

ఇప్పుడు బ్యాంకు యాప్‌లో కొత్త ఖాతా నంబరు చేర్చేటప్పుడు రెండుసార్లు కొట్టమంటుంది, మొదటిసారి కొట్టినది చుక్కలుగా దాచేస్తుంది. విసుక్కోకండి, అది ఆ వెరిఫయర్ యంత్రం మనవడే.

తరువాత తెరలు వచ్చాయి. తెర మీద తప్పు దిద్దడం తేలిక కనుక రెండో మనిషి అనవసరమనుకున్నారు, ఖర్చూ తగ్గింది. అతని స్థానంలో ‘ఖాయమా?’ అనే ప్రశ్న వచ్చి కూర్చుంది. రాసినవాణ్ణే అడగడం, అదీ ప్రతిదానికీ అడగడం.

అలా అడగడం వల్ల ఏమవుతుందో జపానులో తెలిసింది. 2005 డిసెంబరు 8న టోక్యో షేరు మార్కెట్లో మిజుహో సెక్యూరిటీస్ అనే సంస్థ ఉద్యోగి ఒకరు, జేకామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్లకు అమ్మవలసింది, 6,10,000 షేర్లు ఒక్కొక్కటి 1 యెన్‌కు అమ్ముతామని నమోదు చేశారు. గళ్ళు రెండూ తారుమారయ్యాయి. తెర మీద హెచ్చరిక వచ్చింది. కానీ అలాంటి హెచ్చరికలు అలవాటైపోయి దాటేశారు. ఆ కంపెనీ మొత్తం షేర్లే సుమారు 14,500. ఉన్నవాటికి నలభై రెట్లు అమ్ముతామంటే ‘ఖాయమా?’ అని అడగవలసిన పనేముంది, కుదరదని తిప్పికొట్టాలి గదా! తప్పు తెలిసి రద్దు చేయబోతే మార్కెట్టు కంప్యూటరులో ఉన్న లోపం వల్ల రద్దు కాలేదు. నష్టం దాదాపు 4,000 కోట్ల యెన్లు.

హవాయి దీవుల సంగతి ఇంకోరకం. 2018 జనవరి 13 ఉదయం 8.07 గంటలకు, క్షిపణి వస్తోంది, తలదాచుకోండి అన్న సందేశం అక్కడి ప్రజల ఫోన్లన్నిటికీ వెళ్ళింది. అది తాలీము మాత్రమే. కంప్యూటరు ఖాయమా అని అడగనే అడిగింది. ఆ ఉద్యోగి నిజంగానే క్షిపణి వస్తోందనుకున్నాడు కనుక ఖాయమే అన్నాడు. పైగా తాలీముకూ నిజమైన హెచ్చరికకూ అడిగే వాక్యం ఒకటేనని తరువాత విచారణలో తేలింది. ఆ సందేశం తప్పని చెప్పే రెండో సందేశం సిద్ధంగా లేక, అది వెళ్ళేసరికి 38 నిమిషాలు పట్టింది. మన పాత ఆఫీసులో ఎర్రసిరా గీత కొట్టడానికి ఒక్క క్షణం పట్టేది.

ఆ గీత యంత్రంలో లేకపోలేదు. 1970ల నడుమ అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో తయారైన బ్రావో అనే రాత సాఫ్ట్‌వేరులో చేసినదాన్ని రద్దు చేసుకునే వీలు, దాన్నే ‘అన్‌డూ’ అంటారు, అప్పుడే ఉండేది. (మనకు జెరాక్స్ అంటే బస్టాండు దగ్గర నకళ్ళు తీసే దుకాణమే, అది వేరు.) ఆపిల్ వారి మాకింటాష్ పథకాన్ని 1979లో మొదలుపెట్టిన జెఫ్ రస్కిన్ అనే ఆయన, అలవాటైన ప్రశ్నకు మనిషి చేయి తలతో పని లేకుండా జవాబు చెబుతుందనీ, చేతనైనచోట ప్రశ్న మాని వెనక్కి తీసుకునే వీలు ఇవ్వాలనీ వాదించాడు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో పొరపాటున పోయిన ఫోటోను అందరికీ కనిపించకుండా తీసేసుకునే వీలు 2017లో వచ్చింది. పంపేముందు ప్రతిసారీ అడిగే ప్రశ్న కన్నా అదే మనకు మేలు చేసింది.

ఇక మన ప్రాంతపు సంగతి. అంకెలు సరిగ్గా ఉండి, అడిగినవారు, చెప్పినవారు ఇద్దరూ నిజాయితీపరులై కూడా నమోదు తప్పు కావచ్చునని దమ్మపేటలో ఉండేవారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అశ్వారావుపేట దాటి జీలుగుమిల్లి పోతే ఆంధ్ర. అక్కడ ఎకరానికి వంద సెంట్లు. ఇక్కడ ఎకరానికి నలభై గుంటలు. మన ఊళ్ళలో అటునుంచి వచ్చి స్థిరపడ్డవారు మూడు తరాలుగా ఉన్నా సెంట్లలోనే మాట్లాడతారు.

కొన్నేళ్ళ క్రితం ఒక దరఖాస్తుల కేంద్రంలో కూర్చుని ఉన్నాను. సత్తుపల్లి వైపు పొలమున్న పెద్దరైతు ఒకాయన ఆయిల్‌పామ్ మొక్కల కోసం వచ్చాడు. కంప్యూటరు ముందున్న కుర్రవాడు మర్యాదస్తుడు.

“ఎంత భూమి తాతా?”

“మూడు ఇరవై బాబూ.”

కుర్రవాడు 3.20 అని కొట్టాడు. యంత్రం ఖాయమా అని అడిగింది. కుర్రవాడు తెరను రైతు వైపు తిప్పి చూపించాడు కూడా. “మూడు ఇరవై, సరే గదా తాతా?”

“సరే బాబూ.”

నేను పక్కనుంచి, “ఇరవై గుంటలా, సెంట్లా అన్నా?” అన్నాను.

“గుంటలేమిటండీ, మేం సెంట్లే కదా అనేది!” అన్నాడాయన.

రికార్డులో 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఆయన చెప్పిన ఇరవై సెంట్లు ఎనిమిది గుంటలు, అంటే 3.08. తేడా పన్నెండు గుంటలు, 1,452 చదరపు గజాలు. ఆయిల్‌పామ్ ఎకరానికి 57 మొక్కల లెక్కన పదిహేడు మొక్కల తేడా. పాసు పుస్తకంతో కలవక ఆ దరఖాస్తు ఏ పై ఆఫీసులోనో ఆగిపోయేది, ఎందుకాగిందో ఆయనకు తెలిసేది కాదు. కుర్రవాడిది తప్పనడానికి లేదు, యంత్రం అడగమన్నది అడిగాడు. తెర మీద 3.20 బదులు ‘మూడు ఎకరాల ఇరవై గుంటలు’ అని అక్షరాల్లో పడి ఉంటే రైతే ‘కాదు కాదు’ అనేవాడు. ట్రెజరీ బిల్లులో అంకెల పక్కన అక్షరాలు రాయించినవారికి ఈ సంగతి తెలుసు.

ఇదే గడిలో ఎవరైనా 3.45 అని కొడితే? గుంటల్లో 39 దాటిన అంకె ఉండదు. అప్పుడు ప్రశ్న వేయకూడదు, తీసుకోకూడదు. అట్లాగే ఏజెన్సీ గ్రామంలోని భూమిని గిరిజనేతరుడి పేరుకు మార్చబోతే ఖాయమా అని అడగడం వెర్రితనం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును 1970లో సవరించినప్పటినుంచీ, మనందరి నోళ్ళలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నానిన చట్టం అది, అలాంటి బదలాయింపు చెల్లదు. ఆఫీసరు ఎన్నిసార్లు ఎస్ నొక్కినా చెల్లదు. అలాంటిచోట యంత్రం ఆగాలి.

మన ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని చక్కగా చేసిన సందర్భం ఒకటుంది. 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ అనే కంప్యూటరు విధానం మొదలయింది. అందులో దస్తావేజు వివరాలు కంప్యూటరులో ఎక్కించగానే చెక్‌స్లిప్ అనే కాగితం అచ్చయి వచ్చేది. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, పేర్లు, అన్నీ. అమ్మేవారు, కొనేవారు దాన్ని చదువుకుని సరేనంటేనే ముందుకు. ప్రశ్న ఆపరేటరుకు కాదు, భూమి గలవారికి. అదీ తెర మీద మెరిసి మాయమయ్యే ప్రశ్న కాదు, చేతిలో పట్టుకుని కళ్ళజోడు సవరించుకుని చదివే కాగితం. పక్కన చదువుకున్న బావమరిది ఉంటే అతని చేత చదివించుకోవచ్చు. కర్ణాటకలో భూమి పేరిట పహణీలు కంప్యూటరుకెక్కించినప్పుడూ అచ్చుకాగితాలు తీసి గ్రామ లెక్కాధికారుల చేత సరిచూపించి సంతకాలు చేయించారు.

అలా అడగని సందర్భాలూ చెప్పాలి. 2016లో తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటరు పరిశీలన ఆధారంగా రద్దయ్యాయి. ఇంటికి వెళ్ళి అడగలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. ఆరేళ్ళు. 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి 00 అని పడింది. బాగా చదివే పిల్లకు సున్నా వస్తే ఆ ఒక్క కాగితాన్ని పక్కకు తీసి రెండో మనిషికి ఇవ్వవలసిన చోటు అది. లక్షల కాగితాల్లో అలాంటివి ఎన్ని ఉంటాయి? ఆ ఫలితాల తరువాత పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి మీకు తెలిసిందే, దాని గురించి ఎక్కువ రాయడానికి నాకు చేయి రావడం లేదు.

ధరణి గురించి రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 2017లో జరిగిన భూరికార్డుల ప్రక్షాళన సమాచారం మీద 2020 అక్టోబరు 29న ధరణి మొదలయింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేరోజు కావడం పెద్ద సౌకర్యం, కాదనను. కానీ తహశీల్దారు స్థాయిలో తప్పు దిద్దే వీలు మొదట్లో దాదాపు లేదు. విస్తీర్ణం తగ్గినా, పేరులో అక్షరం పోయినా, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినా జిల్లా కేంద్రం చుట్టూ తిరగవలసి వచ్చింది. దిద్దుబాటుకు మార్గాలు తరువాత ఒక్కొక్కటిగా చేర్చారు. దుర్వినియోగం కాకూడదని తాళం బిగించారు, ఆ ఉద్దేశం అర్థం చేసుకోగలను. కానీ సమాచారం ఎక్కించేటప్పుడు రైతు చేతికి చెక్‌స్లిప్ లాంటిది ఇచ్చి చదివించి, ఆ తరువాత తాళం వేసి ఉంటే ఇన్ని కష్టాలు ఉండేవి కావని నా అభిప్రాయం. గిరిజన గూడేల నుంచి కొత్తగూడెం పోయి రావాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చులు అదనం. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి సహా నాలుగు మండలాల్లో ముందుగా, ఆ తరువాత జూన్‌లో రాష్ట్రమంతటా రెవెన్యూ సదస్సులు పెట్టి ఊళ్ళలోనే దరఖాస్తులు తీసుకున్నారు. నలభై ఏళ్ళ నాటి జమాబందీ గుర్తుకొచ్చింది నాకు.

మన డబ్బు సంగతి కూడా కొంచెం చెప్పాలి. బ్యాంకుల ద్వారా పంపే డబ్బు ఖాతా నంబరు ఆధారంగానే జమ అవుతుందని, పేరు కలిసిందా లేదా అన్నది చూడరని 2010 నుంచీ రిజర్వు బ్యాంకు ఆదేశం. ఒక్క అంకె మారితే వేరొకరి ఖాతాలో పడవచ్చు. ‘5,000 రూపాయలు పంపనా?’ అని అడిగితే మనం పంపమనే అంటాం, మొత్తం సరిగ్గానే ఉంది గదా. ఫోనుపే వంటి యూపీఐ యాప్‌లలో పిన్ను కొట్టకముందే అవతలివారి పేరు కనిపిస్తుంది. ఆ పేరే అసలు ప్రశ్న. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల్లోనూ అవతలి ఖాతాదారు పేరు ముందుగా చూపించే వీలు 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో వారికే తెలియాలి.

మన పిల్లల్లో, మనవళ్ళలో చాలామంది హైదరాబాదులోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ ప్రశ్నలు రాసేది వాళ్ళే. ఈ సంచిక వారి కంటపడితే ఒక విన్నపం. వెనక్కి తీసుకోగలిగిన పనికి ప్రశ్న వేయకండి, తీసుకునే దారి ఉంచండి. కుదరని అంకెను కుదరదని చెప్పండి. తిరిగి రానిదానికి మాత్రం ఆగి అడగండి. అడిగేటప్పుడు ‘ఖాయమా?’ అని కాక, ఏమి జరగబోతోందో పేరుతో, ఊరితో, అక్షరాల్లో, మా భాషలో చెప్పి అడగండి.

చివరగా లైఫ్ సర్టిఫికెట్ విషయం. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలయింది. మన రాష్ట్రంలో టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతో ఇచ్చే వీలూ వచ్చింది. వేలిముద్ర పడితే చాలు పని అయిపోయిందని మన సభ్యులు లేచి వచ్చేస్తున్నారు. యంత్రం మనం బతికి ఉన్నామని ఒప్పుకున్నా, పీపీఓ నంబరులో అంకె తప్పు పడితే ఆ సర్టిఫికెట్టు మన పింఛనుకు చేరదు. ఆపరేటరు కొట్టిన పీపీఓ నంబరు, ఖాతా నంబరు ఒక్కొక్క అంకె చొప్పున పైకి చదివి వినిపించమనండి. అక్షరాలు కనిపించనివారు పాత పీపీఓ పుస్తకం వెంట తీసుకుని రండి, నంబర్లు సరిచూడటానికి పక్కన నేను కూర్చుంటాను.